ముందుమాట అడిగే ముందు

తొలి పుస్తకం వేసుకుంటున్న యువ రచయితలు తరచుగా మా పత్రికకు ఫోన్ చేస్తుంటారు. "ఫలానా కవిగారి చేత నాలుగు మాటలు రాయించి పెట్టగలరా సార్?" అని అడుగుతారు. అప్పటికే డీటీపీ అయిపోయి ఉంటుంది, ఆవిష్కరణకు హాలూ ఖరారై ఉంటుంది. ముందుమాటకు మిగిలేది వారం రోజులు. ఆ వ్యవధిలో ఒక సంపుటి మొత్తం చదివి, ఆలోచించి రాయడం ఎవరికైనా కష్టమే. అందుకే ఏ పుస్తకానికైనా సరిపోయే వాక్యాలు వస్తాయి. పాఠకులు ఆ పేజీలు తిప్పేసి ముందుకు పోతారు.

తెలుగులో ముందుమాట ఇలా పలచబడటం మాకు బాధగా ఉంది. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'కి చలం ముందుమాటగా 'యోగ్యతాపత్రం' రాసింది 1940లో, పుస్తకం వెలువడింది 1950లో. అది శ్రీశ్రీ తొలి పుస్తకం కాదు, 'ప్రభవ' 1928లోనే వచ్చింది. అయినా ముందుమాట ఏం చేయగలదో చెప్పాలంటే మాకు మొదట గుర్తొచ్చేది ఆ యోగ్యతాపత్రమే. చలం మెచ్చుకుని ఊరుకోలేదు. కృష్ణశాస్త్రి కవిత్వం పక్కన పెట్టి తేడా చూపించాడు, ఆ కవిత్వం తననేం చేసిందో చెప్పుకున్నాడు. లోతుగా చదివినవాడు తప్ప ఇంకొకరు రాయలేని మాటలవి. అందుకే ఇప్పటికీ దాన్ని విడిగా తీసి చదువుకుంటున్నాం.

పెద్దల ఆమోదం లేకపోతే పుస్తకం నిలవదన్న భయమూ అక్కర్లేదు. 1965లో దిగంబర కవులు తమ తొలి సంపుటిని హైదరాబాదులో రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు చేత ఆవిష్కరింపజేశారు. దాని మీద వాదోపవాదాలు ఏళ్ల తరబడి సాగాయి.

కాబట్టి కొత్తవాళ్లకు మా సూచన ఇది. డీటీపీకి వెళ్లకముందే రాతప్రతి ఇవ్వండి. రెండు మూడు నెలలు గడువివ్వండి. నచ్చకపోతే రాయనక్కర్లేదని మీరే ముందుగా చెప్పండి. పేరు చూసి కాదు, మీరు రాసిన బతుకు తెలిసినవారెవరో చూసి అడగండి. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి గురించి కథలు రాస్తే, ఆ పని ఎరిగిన పాఠకుడొకరు చెప్పే తప్పొప్పులు వెనక అట్ట మీది అయిదు పొగడ్తలకన్నా విలువైనవి. వాటితో కథ బాగుపడుతుంది. పొగడ్తతో అట్ట నిండుతుంది, అంతే.

పెద్దలకూ ఒక విన్నపం. తీరిక లేకపోతే లేదని చెప్పండి, కొత్తవాళ్లు చిన్నబుచ్చుకోరు. ఒప్పుకుంటే మాత్రం చివరి పేజీ దాకా చదవండి. బాగాలేని చోట బాగాలేదని అచ్చుకు ముందే, వాళ్లకు మాత్రమే చెప్పండి.