ఆరుబయట బల్లలు వేసే ముందు

సంపాదకుల వారికి,

హోటల్ ముందు కాస్త ఖాళీ స్థలముంటే బల్లలు వేసేయండి, బేరం దానంతటదే పెరుగుతుందంటూ గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. వినడానికి బాగుంది. విజయవాడలో టిఫిన్ హోటల్ నడుపుతున్న నాకు మాత్రం లెక్క కుదరలేదు.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పొద్దు వాలాక కూడా గచ్చు సెగలు కక్కుతూనే ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, ఆపైన అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల బెడద. నిజంగా చల్లగా ఉండేవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సాయంత్రాలే. పందిరి, ఫ్యాన్లు, లైట్ల ఖర్చంతా ఆ మూడు నెలల్లోనే రాబట్టుకోవాలి.

బల్లలు పెరిగినంత మాత్రాన పెనం పెరగదు కదా! మా పెనం మీద వాయికి ఆరు దోసెలే పడతాయి. బయట ఇరవై మంది కూర్చుంటే లోపలివాళ్లకూ ఆలస్యమే. నిరుడు రెండు బల్లలు వేసి చూశాను. స్కూటర్లు ఆపే చోటు పోయి, పార్సిల్ బేరం పడిపోయింది. నెల తిరక్కుండానే తీసేశాను.

అలాగని వద్దనను. సొంత ఆవరణ, చెట్టు నీడ, సాయంత్రం తీరిగ్గా ఉండే వంటగది ఉన్నవారు ముందు అద్దె బల్లలతో ఒక నెల పరీక్షించుకోవచ్చు. కాలిబాట జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. అది నడిచేవాళ్లది.

– ఒక హోటల్ యజమాని, విజయవాడ