ఆకలెరుగని ఆతిథ్యం

ప్రేమతో చేసే ప్రతి పనీ మేలే చేస్తుందన్న నమ్మకం మనలో చాలమందికి ఉన్నది. ఒక చిన్న మొక్క మూలంగా నేను ఆ నమ్మకాన్ని సవరించుకొనవలసి వచ్చింది. తెలుగు బోధించే నాకు వృక్షశాస్త్రం పాఠ్యవిషయం కాదు. అయినా మన విద్యార్థులు విజ్ఞానయాత్రకు డుంబ్రిగుడ, అరకు ప్రాంతాలకు వెళ్లివస్తున్నారు కనుక, ఆ మొక్క నేర్పిన పాఠాన్ని ఈ వార్షిక సంచిక ద్వారా విద్యార్థినీ విద్యార్థులకూ, కళాశాల కమిటీ పెద్దలకూ విన్నవించుకొనడం అవసరమని భావిస్తున్నాను.

ఆ మొక్క పేరు వీనస్ ఫ్లైట్రాప్. అమెరికాలో ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల తీరమైదానంలో తప్ప లోకంలో మరెక్కడా అది సహజంగా మొలిచినది కాదు. దాని ఆకు కొస రెండు రెప్పల బోనువలె ఉంటుంది. లోపలి సన్నని కేశాలను పురుగు ఇరవై సెకనుల వ్యవధిలో రెండుసార్లు తాకితే చాలు, ఆ రెప్పలు చటుక్కున మూతపడతాయి. కీటకాహార మొక్కలపై 1875లో ఒక గ్రంథమే వెలువరించిన చార్లెస్ డార్విన్ అంతటివాడు ఈ మొక్కను చూచి అబ్బురపడ్డాడు.

అటువంటి మొక్క ఒకటి నర్సరీలో కనబడగా కొని ఇంటికి తెచ్చుకున్నాను. తోట మట్టిలో గుప్పెడు ఎరువు కలిపి, కుండీ మార్చి, కుళాయి నీరు పోశాను. ఎండ తగిలితే వాడిపోతుందని గదిలో బల్లమీద ఉంచాను. మాంసాహారి కదా అని, బక్రీదునాడు గోరంత మాంసపు ముక్కను కూడా దాని నోట పెట్టాను. చూడవచ్చిన పిల్లలు కలం మొనతో పొడిచి రెప్పలు మూయించి ముచ్చటపడ్డారు. వారం తిరగకుండా మాంసం పెట్టిన ఆకు నల్లబడి కుళ్లింది. నెల తిరగకముందే మొక్క చనిపోయింది. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు. నేను అడగకుండానే పెట్టి చంపాను.

పొరపాటు ఎక్కడ జరిగిందో తరువాత చదివి తెలుసుకున్నాను. పురుగు ఆ మొక్కకు అన్నం కాదు. తక్కిన మొక్కలవలెనే అది కూడా సూర్యరశ్మితోనే తన ఆహారాన్ని తయారు చేసుకుంటుంది. అది పుట్టిన నేల సారం లేని చిత్తడి నేల. అక్కడ దొరకని నత్రజనినీ, భాస్వరాన్నీ మాత్రమే అది పురుగునుండి గ్రహిస్తుంది. పేద నేలలో బ్రతకడానికే దాని వేళ్లు అలవడినవి. ఎరువునూ, కుళాయి నీటిలోని లవణాలనూ ఆ వేళ్లు తట్టుకొనలేవు. మనకు లేమిగా కనిపించేదే దానికి ఇల్లు.

కావున ఈ మొక్కను పెంచదలచినవారు కొన్ని నియమాలు పాటించవలసి ఉన్నది. వాన నీరు గాని, బట్టి పట్టిన నీరు గాని మాత్రమే వాడాలి. పీట్ మట్టిలో సున్నం లేని ఇసుకను కడిగి కలిపి, ఏ ఎరువూ వేయకుండా నాటి, కుండీ క్రింద పళ్లెంలో కొద్దిగా నీరు నిలువ ఉంచాలి. రోజుకు నాలుగైదు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. ఆరుబయట ఉన్న మొక్క తన పురుగును తానే పట్టుకుంటుంది. ఇంటిలో ఉన్నదానికి రెండు మూడు వారాలకొకసారి, ఒక్క బోనుకు మాత్రమే, ఆ బోనులో మూడవ వంతుకు మించని పురుగును ఇస్తే చాలు. చచ్చిన పురుగును పెడితే, మూసిన రెప్పలను వ్రేళ్లతో మృదువుగా కొంతసేపు నొక్కాలి. లోపల కదలిక తెలిస్తేనే జీర్ణరసం ఊరుతుంది. కేశాలను అయిదారుసార్లు తాకిన తరువాతనే ఆ రసం సిద్ధమవుతుందని 2016లో జర్మనీ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఉత్త బోనును వినోదానికి మూయించరాదు. ఒక్కొక్క బోను కొద్దిసార్లు మాత్రమే పనిచేసి రాలిపోతుంది. మన వినోదం దాని ఆయుష్షులో నుండి ఖర్చవుతుంది.

మరొక ముఖ్య విషయం విశ్రాంతి. ఈ మొక్కకు ఏటా మూడు నాలుగు నెలల చలి కావాలి. ఆ కాలంలో అది ముడుచుకుని చచ్చినట్లు కనిపిస్తుంది. అప్పుడు కంగారుపడి పురుగులు పెట్టరాదు. సముద్రతీరపు ఊళ్లలో ఆ చలి చాలదు. శీతకాలపు రాత్రులలో ఎముకలు కొరికే చలి పడే డుంబ్రిగుడ వంటి కొండ ప్రాంతం దానికి నయం.

డుంబ్రిగుడ పేరు తలచుకున్నప్పుడే నా మనసుకు అసలు బాధ కలుగుతుంది. ఆ సీమలో వలిసె పూలు పచ్చగా విరిసే కాలంలో, చాపరాయి చూచి తిరిగి వస్తుండగా, ఒక తడి గట్టుమీద రూపాయి బిళ్లంత ఎర్రని మొక్కలు నేలకు అంటుకుని కనిపించాయి. ఆకుల నిండా మంచు బిందువులవంటి జిగురు, అందులో చిక్కిన దోమలు. అది డ్రాసిరా అనీ, వీనస్ ఫ్లైట్రాప్‌కు సొంత కుటుంబమేననీ వృక్షశాస్త్ర అధ్యాపకులు చెప్పారు. సముద్రాలకు ఆవల నుండి వచ్చిన మొక్కకు డబ్బు పోసిన నాకు, దాని చుట్టం మన తూర్పు కనుమలలోనే ఉన్నదని అంతవరకు తెలియదు.

నేను సిగ్గుపడి తేరుకునేలోగా విద్యార్థులు ఆ మొక్కలను పెరికి సంచులలో వేసుకున్నారు. కొందరు ఎండబెట్టి పుస్తకంలో అంటించడానికి, కొందరు ఇంట పెంచుకొనడానికి. ఆ చిన్న డ్రాసిరా సాధారణంగా ఒక ఏడు బ్రతికి, విత్తనం రాల్చి, మరుసటి ఏటికి ఆ విత్తనంతోనే మళ్లీ మొలుస్తుంది. పూత దశలో గుప్పెడు మొక్కలను పెరికితే రాబోయే ఏటి మొక్కలను కూడా పెరికినట్లే. ఇంటికి తెచ్చిన వాటిలో వారం దాటి బ్రతికినది నేనెరిగినంతలో ఒక్కటీ లేదు. అవీ నా మొక్కవలెనే ప్రేమవల్లనే చచ్చిపోయాయి.

అమెరికాలో వీనస్ ఫ్లైట్రాప్‌ను అడవులనుండి దొంగిలించేవారి బెడద ఎంత పెరిగినదంటే, ఉత్తర కరోలినా రాష్ట్రం 2014 డిసెంబరు నుండి దానిని తీవ్రమైన నేరంగా పరిగణిస్తున్నది. అంతవరకు వచ్చిన తరువాత కన్ను తెరవడంకంటే, మనం ముందే మేలుకొనడం వివేకం.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి రెండు మాటలు. విజ్ఞానయాత్రలో తరగతి మొత్తానికి ఒక్క మాదిరి మొక్కను, అదీ అధ్యాపకుని అనుమతితో మాత్రమే సేకరించాలని నియమం ఉండాలి. తక్కినవారు బొమ్మ గీసుకోవచ్చు, ఛాయాచిత్రం తీసుకోవచ్చు. రెండవది, ప్రయోగశాల కప్పునుండి జారే వాన నీటిని పట్టడానికి ఒక తొట్టి ఏర్పరచి, కణజాల వర్ధనంతో పెంచిన వీనస్ ఫ్లైట్రాప్ కుండీ ఒకటి తెప్పించాలి. మొక్కను తాకి చూడాలన్న విద్యార్థుల ఉబలాటాన్ని నేను తప్పు పట్టను. ఆ ఉబలాటం అక్కడ తీరుతుంది, దానితోపాటు ఓర్పూ అలవడుతుంది.

విద్యార్థులారా! మన ఇండ్లలో అమానత్ అనే మాట మీరు విన్నారు. ఒకరు నమ్మి అప్పగించిన వస్తువును చెడకుండా కాపాడి తిరిగి ఇవ్వడం అమానత్. డుంబ్రిగుడ గట్టుమీది ఆ రూపాయి బిళ్లంత మొక్క మన సొత్తు కాదు, మన చేతికి వచ్చిన అమానత్. ఈసారి అక్కడికి వెళ్లినప్పుడు దాని ముందు మోకాళ్లపై కూర్చుని కన్నులారా చూడండి. చూచి, దానిని దాని చిత్తడి నేలలోనే ఉంచి రండి.