వీరుల కూటమి ఐక్య సంఘటన అవుతుందా?

గత సంచికలో ఒక మిత్రుడు అమెరికను కామిక్ పుస్తకాల్లోని వీరుల కూటములను గురించి రాసిన వ్యాసం చదివాను. చదివి వూరుకోవటానికి వీల్లేని వ్యాసం అది. ఆయన వాదం ఇదీ: సూపర్‌మాన్ వంటి ఒంటరి వీరుడు బూర్జువా వ్యక్తివాదానికి పుట్టిన బిడ్డ. అలాంటి ఒంటరివాళ్లు నలుగురు కలిసి వుమ్మడి శత్రువు మీదికి నడిచినప్పుడు ఆ వ్యక్తివాదం తన అసమర్థతను తానే ఒప్పుకొంటుంది. కనుక ‘అవెంజర్స్’ వంటి కూటమి, దాని యజమానులకు తెలియకుండానే, ఐక్య సంఘటనకు కళారూపం. ఇదే కొలబద్దతో ఆయన 2022లో వచ్చిన ‘ఆర్‌ఆర్‌ఆర్’ చిత్రాన్ని కూడా కొలిచారు. మన్యం వీరుణ్ణీ గోండు వీరుణ్ణీ ఒక చోట చేర్చిన ఆ కథ తెలుగువాళ్లు గర్వించదగిన సామ్రాజ్యవాద వ్యతిరేక కల్పన అని తేల్చారు.

ఆయనను ఎద్దేవా చెయ్యటం నా వుద్దేశం కాదు. కామిక్స్ పేరెత్తగానే మొహం చిట్లించుకొనే మన పెద్దలకంటె ఆయన ఎంతో నయం. మల్కాజ్‌గిరిలో నా దగ్గర చదువుకొనే పిల్లలు ఈ పుస్తకాలను ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద సగం ధరకు కొని, చేతులు మార్చుకొని, అట్టలు వూడేదాకా చదువుతారు. ఏ ఇద్దరు వీరుల కలయిక గొప్పదో స్టేషను ప్లాట్‌ఫారం మీద నిలబడి, వచ్చిన రైలును కూడా వదిలేసి వాదించుకొంటారు. వాళ్లు చదివేది మనం చదవకుండా వాళ్లకు సాహిత్యం చెప్పబోవటం దండగ. నేనూ అడిగి తెచ్చుకొని చదివాను. కొన్ని సరదాగానే చదివాను. కనుక నా పేచీ కామిక్స్‌తో కాదు, మిత్రుడి సిద్ధాంతంతో.

ఐక్య సంఘటనకు ఒక కార్యక్రమం వుంటుంది. ఎవరెవరు, దేనికోసం, ఎంత దూరం కలిసి నడుస్తారో అందులో వుంటుంది. కలిసినవాళ్లు తమ తమ తగాదాలను మరిచిపోరు. పక్కన పెడతారు, పెట్టామని చెప్పి మరీ పెడతారు. వీరుల కూటమికి వుండేది కార్యక్రమం కాదు, కాంట్రాక్టు. ఈ తేడా గమనించకపోతే పెళ్లి భోజనంలో ఒకే పంక్తిన కూర్చున్నవాళ్లందరినీ ఒకే పార్టీవాళ్లనుకోవలసి వస్తుంది.

కామిక్స్‌లో ఇలాంటి కలయికల తొలి వుదాహరణల్లో ఒకటి 1940లో ‘మార్వెల్ మిస్టరీ కామిక్స్’లో వచ్చింది. ఒకడు హ్యూమన్ టార్చ్. మనిషి తయారుచేసిన కృత్రిమ మానవుడు, ఒళ్లంతా మంట, న్యూయార్కు పోలీసుల్లో చేరాడు. రెండోవాడు సబ్‌మారినర్ అనే నేమర్, సముద్రం అడుగున వుండే ఒక జాతి రాకుమారుడు. అతని కోపానికి కారణం వుంది. మంచు పగలగొట్టటానికి ఒక అమెరికా ఓడవాళ్లు పేల్చిన పేలుళ్లకు నీళ్ల అడుగున అతని జనం చచ్చారు. ఆ పగతో అతను న్యూయార్కు మీదికి వచ్చాడు. పోలీసు నిప్పు, గాయపడిన నీరు ఢీకొన్నాయి. ఎవరూ గెలవలేదు, ఒక స్త్రీ పోలీసు మధ్యవర్తిగా సంధి కుదిరింది. తరువాత యుద్ధకాలంలో ఆ ఇద్దరే కలిసి నాజీలనూ జపాను సైన్యాలనూ తన్నారు. నాజీలను తన్నటం మంచిదే, అందుకు నాకేమీ అభ్యంతరం లేదు. కాని ఆ ఓడ పేల్చిన పేలుళ్ల సంగతి ఏమయింది? కూటమి కట్టిన ఆ కథల్లో అది పక్కకు పోయింది. అన్యాయానికి గురైనవాడు తన ఫిర్యాదును గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. పోలీసు మాత్రం ఏమీ విడవనవసరం లేకపోయింది.

పాఠకులు ఈ మూసను గుర్తుంచుకోవాలి. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

కూటములు ఎందుకు పుడతాయో తెలుసుకోవాలంటే వాటి కథ చదివితే చాలదు, ఖాతా పుస్తకం కూడా చూడాలి. సూపర్‌మాన్‌ను సృష్టించిన సీగెల్, షూస్టర్ అనే ఇద్దరు యువకులు 1938లో ఆ పాత్ర మీద సర్వహక్కులనూ 130 డాలర్లకు వదులుకొన్నారు. వీరుడు రచయితది కానప్పుడు వీరుల కలయిక రచయితల కలయిక ఎలా అవుతుంది? ఒక పత్రికలో సూపర్‌మాన్‌కూ బాట్‌మాన్‌కూ వేరువేరు కథలుండేవి. 1954లో పుటలు తగ్గేసరికి ఇద్దరినీ ఒకే కథలోకి తోశారు. వాళ్ల స్నేహానికి కారణం కాగితం ఖర్చు! 1976లో రెండు పోటీ కంపెనీలు సూపర్‌మాన్‌నూ స్పైడర్‌మాన్‌నూ ఒకే పుస్తకంలో కలిపాయి. ఇద్దరూ ఒక అపార్థం మీద కొట్టుకొన్నారు, ఎవరూ ఓడలేదు, తరువాత కలిసిపోయారు. ఓడితే ఏ కంపెనీ ఒప్పుకొంటుంది? 1984లో మార్వెల్ కంపెనీ తన వీరులందరినీ ఒక గ్రహం మీద పడేసి ‘సీక్రెట్ వార్స్’ నడిపింది. ఆ కథకు వూపిరి పోసింది మాటెల్ అనే బొమ్మల కంపెనీతో కుదిరిన బేరం. పిల్లవాడు ఒక బొమ్మ కొంటే చాలదు, జట్టంతా కొనాలి. మిత్రుడు ఇందులో వ్యక్తివాదపు ఓటమి చూస్తున్నారు. నాకు కనబడేది టోకు బేరం.

అయితే కలయిక ఎప్పుడూ ఇంతేనా? కాదు. 1970లో డెన్నిస్ ఓనీల్, నీల్ ఆడమ్స్ కలిసి గ్రీన్ లాంటర్న్‌నూ గ్రీన్ యారోనూ జత చేశారు. గ్రీన్ లాంటర్న్ అంతరిక్షానికి పోలీసు. ఆ తొలి కథలోనే ఒక ముసలి నీగ్రో అతన్ని నిలదీస్తాడు: ఏవేవో గ్రహాలవాళ్లకు ఎంతో చేశావట, నల్లవాళ్లకు ఏం చేశావు? వీరుడు తల దించుకొంటాడు. జతగాడు పక్కనే వుండి ఆ ప్రశ్న నుంచి అతన్ని తప్పించుకోనివ్వడు. ఇక్కడ రెండో వీరుడు వచ్చింది మొదటివాడి బలం పెంచటానికి కాదు, సుఖం చెడగొట్టటానికి. ఆ పత్రిక రెండేళ్లు తిరగకుండానే, 1972లో, ఆగిపోయింది.

మన దగ్గరా వీరులను ఢీకొట్టించిన సంప్రదాయం వుంది కదా అంటారు. వుంది. చిలకమర్తి వారి ‘గయోపాఖ్యానం’ కృష్ణార్జునులనే కొట్టుకొనేట్టు చేసింది. ఆ కథనే 1963లో కె.వి. రెడ్డి, రామారావునూ నాగేశ్వరరావునూ పెట్టి ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’గా తీశారు. ఇద్దరు తారల అభిమానులనూ ఒకే హాలుకు రప్పించే లెక్క అందులో లేదని నేననను. అయినా ఆ తగువు అపార్థం కాదు. గయుడు తెలియక వుమ్మిన వుమ్ము దోసిట్లో పడి, వాణ్ణి చంపుతానని కృష్ణుడు శపథం చేశాడు. ఎవరి కోపమో అడగకుండా అర్జునుడు వాడికి అభయమిచ్చాడు. బలవంతుడి పరువు పెద్దదా, శరణన్నవాడి ప్రాణం పెద్దదా అన్నది ప్రశ్న. దేవుళ్లు దిగి సంధి చేశాక కూడా ఆ ప్రశ్న ప్రేక్షకుడి వెంట ఇంటికి వస్తుంది. గయుడు చిన్నవాడే, కాని వాడు లేకపోతే నాటకమే లేదు. వీరుల కలయికలో మూడోవాడు ఎక్కడున్నాడో చూడమని నేను విద్యార్థులకు చెబుతుంటాను.

ఈ ప్రశ్నతో ‘ఆర్‌ఆర్‌ఆర్’ దగ్గరికి వద్దాం. చిత్రం తాను కల్పననని ముందే చెప్పుకొన్నది. కనుక చరిత్రలో లేనిది చూపించారని కేసు పెట్టటం తెలివితక్కువ. అల్లూరి సీతారామరాజు 1924 మే 7న కొయ్యూరు దగ్గర చంపబడ్డాడు. కొమురం భీము 1940లో జోడేఘాట్‌లో చంపబడ్డాడు. ఇద్దరూ కలుసుకొన్న దాఖలా లేదు. కలిపితే కలపనివ్వండి. ఏం చేసి కలిపారన్నదే నా ప్రశ్న.

ఒకడు నిప్పు, ఒకడు నీరు. నిప్పు పోలీసు. నీరు అడవిలోనుంచి, తన జనానికి జరిగిన అన్యాయం మోసుకొని, నగరానికి వచ్చినవాడు. తెలియక స్నేహం, తెలిశాక పోరు, ఆఖరికి కూటమి. 1940 నాటి న్యూయార్కు మూస ఢిల్లీకి వచ్చింది. నకలు కొట్టారని నేననటం లేదు. ఒకే రకం సరుకు తయారుచేసే ఫ్యాక్టరీల్లో యంత్రాలు ఒకేలా వుంటాయి.

ఆ యంత్రంలో పడి ఏది నలిగిందో చూడండి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు పట్టుకుపోయిన మనిషికి పోలీసు దుస్తులు తొడిగారు. తొడిగి, ఆ దుస్తుల్లోనే భీమును కొరడాతో కొట్టించారు. మన్యంలో తిరుగుబాటు ఎందుకు వచ్చింది? 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడును నేరం చేసింది. గూడెం రోడ్డు పనుల్లో కూలి ఎగ్గొట్టి మనుషులను పశువుల్లా తోలారు. సీతారామరాజు మైదానం నుంచి వెళ్లినవాడు. ఆయన వెనక గాం గంటం దొర, గాం మల్లు దొర, వందల మంది కొండవాళ్లు వున్నారు. చిత్రంలో అడవి చట్టమూ లేదు, గంటం దొరా లేడు. తుపాకులు తెస్తానని వూరికిచ్చిన మాట వుంది. ఆ వూరు ఎదురుచూస్తూ వుంటుంది, అంతే.

భీము సంగతి మరీ అన్యాయం. ఆయన పోరాడింది ఢిల్లీ గవర్నరుతో కాదు, నిజాం సర్కారు అటవీశాఖతో, పోలీసులతో. బాబేఝరి, జోడేఘాట్ ప్రాంతంలో పన్నెండు గూడేల భూమికోసం పోరాడాడు. చిత్రంలో నిజాం పక్షం మనిషి వస్తాడు, ‘జాగ్రత్త, గోండువాడు వస్తున్నాడు’ అని తెల్లదొరలను హెచ్చరించి పోతాడు. స్వదేశీ ప్రభువును కథలోనుంచి ఇంత మర్యాదగా సాగనంపటం మన మిత్రుడికి సామ్రాజ్యవాద వ్యతిరేకతగా కనిపించింది! తెల్లవాణ్ణి ఎంత ఎత్తునుంచి విసిరేసినా ఈనాడు ఎవరికీ నష్టం లేదు. అటవీశాఖ పేరెత్తితే మాత్రం ఇబ్బంది. పోడు తగాదా 1940తో ముగియలేదు, 2006 అటవీ హక్కుల చట్టంతోనూ ముగియలేదు.

చివరి ఘట్టం ఒకటుంది. గెలిచాక, ఏం కావాలని రాముడు అడిగితే, చదువు కావాలంటాడు భీము. అప్పుడు రాముడు జెండా మీద జల్, జంగల్, జమీన్ అని రాసిస్తాడు. హాలులో చప్పట్లు కొట్టారు. నా పక్క సీటులో ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చి మా కాలేజీలో చదువుకొంటున్న కుర్రాడు కొట్టలేదు. భీము చందాలో ఒక ప్రెస్సులో పనిచేస్తూ చదవటం, రాయటం నేర్చుకొన్నాడనీ, అస్సాం తేయాకు తోటల్లో కూలిగా వుండి అక్కడి పోరాటాలు చూశాడనీ ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. అలాంటివాడి నినాదాన్ని వాడి నోట్లోనుంచి తీసి, కాషాయం కట్టి విల్లు పట్టిన రాముడి కలంలో పెట్టి, మళ్లీ వాడికే దానం చేయించారు. అంతకుముందే రాముణ్ణి భుజాల మీద మోయించారు. తెలుగు ప్రేక్షకుడికి ఆ బొమ్మ ఎవరిదో చెప్పనక్కరలేదు: శ్రీరాముడూ ఆంజనేయుడూ. సమానుల కూటమి అన్నారు. స్వామీ బంటూ తేలారు.

కల్పన కదా, అంత పట్టింపు ఎందుకని మిత్రుడు అడగవచ్చు. పోయిన సంవత్సరం భీము మీద వ్యాసం రాయమంటే నా తరగతిలో ముగ్గురు ఆయన ఢిల్లీలో గవర్నరు భవనం మీద దాడి చేశాడని రాశారు. వాళ్లు బద్ధకస్తులు కారు. నాకు కామిక్స్ తెచ్చిచ్చినవాళ్లే. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీము’ నవల మా లైబ్రరీలో ఒక్క ప్రతి వుంది, అదీ బీరువాలో. ఈ పందెంలో ఎవరు గెలుస్తారో ముందే తెలుసు.

నిజానికి మన్యమూ జోడేఘాటూ కలిసిన చోట్లు వున్నాయి. మన్యం తిరుగుబాటు కథ భీము చెవిన పడిందనీ, ఆయన దానివల్ల కదిలాడనీ అంటారు. ఒక కథ మనిషినుంచి మనిషికి, తెలుగు నేలనుంచి గోండు గూడేలకు నడిచిపోవటం కంటె గొప్ప కలయిక ఏముంది? సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కృష్ణా తీరాన వుండి తెలంగాణా రైతును గురించి ‘మా భూమి’ నాటకం రాసి ప్రజా నాట్యమండలి చేత ఆడించారు. అది రెండు ప్రాంతాల కూటమి. అందులో మూడోవాడే కథానాయకుడు.

ఇంకొకటి కూడా వుంది, దాన్ని ఎవరూ తెరకెక్కించలేదు. గాం మల్లు దొర పట్టుబడి, అండమానులో ఏళ్ల తరబడి శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి ఎన్నికయ్యాడు. రంప తిరుగుబాటులో తుపాకి పట్టినవాడూ, తెలంగాణా సాయుధ పోరాట నాయకుడూ ఢిల్లీకి చేరి ఒకే సభలో సభ్యులయ్యారు. ఈ సంగతి చెప్పినప్పుడు, వ్యాసంలో గవర్నరు భవనం తగలబెట్టిన ముగ్గురిలో ఒకడు నోటుపుస్తకం తెచ్చుకొని, మల్లు దొర ఎలా వుండేవాడు, ఫొటో ఎక్కడ దొరుకుతుంది, పార్లమెంటుకు ఏ బట్టలతో వెళ్లి వుంటాడు అని అడిగాడు. ఫొటో కోసం వెతుకుతున్నాం.