తుపాకికి తాళం ఉంటది, మందుడబ్బాకు ఎందుకుండదు?

జర పొడుగైతది, ఓపికతోటి చదువుండ్రి.

తుపాకి లైసెన్సు కావాలంటే, దాన్ని ఇంట్ల భద్రంగ ఎట్ల దాస్తవో రాసియ్యాలె. ఎలక్షన్లొస్తే పోయి స్టేషన్ల అప్పజెప్పాలె. మంచిదే. కానీ మన వనపర్తి పల్లెలల్ల తుపాకి ఎందరికుంది? పురుగుమందు లేని ఇల్లు ఏది? పల్లికి, వరికి, పత్తికి కొట్టి మిగిలిన సీసా యాడ పెడుతున్నం? గోడ గూట్ల, మంచం కింద, బియ్యం సంచుల పక్కన. ఎర్ర త్రికోణం బొమ్మ ఉన్న డబ్బా తుపాకి కంటె తక్కువదా?

"ఎన్నేండ్ల సంది ఇట్లనే పెడుతున్నం, ఏమైంది?" అంటరు. నేను గూడ అన్నోణ్ణే. పోయిన వానకాలం పక్క చేనాయన దగ్గర పావు లీటరు మందు కూల్‌డ్రింక్ సీసాల పోసుకొచ్చి కొట్టంల పెట్టిన. నాలుగేండ్ల మనుమడు మూత తిప్పుతుంటే మా ఇంటామె చూసి గుంజుకున్నది. ఒక్క నిమిషం ఆలస్యమైతే ఈ రాత ఉండకపోవు. తప్పు పిల్లగానిది కాదు, నాది.

2013 జూలైల బిహార్ సారణ్ జిల్లాల బడి భోజనం తిని 23 మంది పిల్లలు పోయిండ్రు. వంటనూనెల మోనోక్రోటోఫాస్ కలిసిందని తేలింది. విషం తిండి దగ్గరికొస్తే గట్లనే ఉంటది.

నేను చేసింది చెప్త. వెల్డింగ్ షాపుల రెండు అరల ఇనుప పెట్టె చేయించిన. పండుకునే అర్రల, వంటింట్ల కాదు, కొట్టం గోడకు, పిల్లల చెయ్యి అందనంత ఎత్తుల బిగించిన. వెనక రేకుకు నాలుగు రంధ్రాలు, నాలుగు యాంకర్ బోల్టులు. బోల్టు ఇటుకల దిగాలె, ఇటుకల నడిమి సందుల కాదు. ప్లాస్టరింగ్ మందాన్ని నమ్మొద్దు, అది బరువు మోయదు. మట్టి గోడైతే యాంకర్ పట్టదు, బోల్టు గోడ అవతలికి తీసి ఇనుప పట్టీ వేసి బిగియ్యాలె. ఇటు దిక్కు నట్లు పెట్టె లోపల ఉండాలె, బయటుంటే పానా ఉన్నోడెవడైనా ఇప్పుతడు. పొడిమందులు పై అరల, నీళ్లమందులు కింద, సీసా కారినా పొడి తడవదు. మందు దాని డబ్బాలనే ఉండాలె. తాళంచెవి పక్కనే మొలకు తగిలిస్తే తాళం ఎందుకు?

పెట్టె ఒక్కటే చాలదు, అది గూడ చెప్త. శ్రీలంక పల్లెలల్ల ఇంటింటికీ తాళం పెట్టెలిచ్చి చూసిండ్రు. పెట్టెతోటే మందు తాగుడు తగ్గలేదని 2017ల లాన్సెట్ పత్రికల వచ్చింది. ఆ దేశంల పాణాలు కాపాడింది ఘోరమైన మందుల మీద పెట్టిన నిషేధం. అందుకే సర్కారును అడుగుదాం, అమ్మనిస్తున్నది వాళ్లే కదా. ఉద్దెర ఇస్తున్నరని నాలుగు సీసాలు ఎక్కువ తెచ్చుడు మనం బంద్ చేద్దాం. మన మనసే బాగలేని రోజు తాళంచెవి ఇంకొకరి చేతికిచ్చి 14416కు ఫోన్ చేద్దాం. టెలి మానస్ అంటరు, పైసలు తీసుకోరు. అడిగితే ఇజ్జత్ పోదు.

రెండెకరాలోడికి పెట్టె ఖర్చు బరువే, నాకు తెలుసు. బోరు మోటరుకు డబ్బా పెట్టి తాళమేస్తం, బండికి తాళమేస్తం. ఇంట్ల పిల్లల కంటె మోటరు ఎక్కువనా? ఈ పొద్దు లేచి మీ కొట్టం ఒకసారి చూడుండ్రి.