ఉబ్బసము – మందుల లెక్క

ఉబ్బసము చెప్పకుండ వచ్చి ప్రాణము తీయునని లోకములో ఒక నమ్మకము కలదు. పెక్కు సందర్భములలో ఇది నిజము కాదు. ఆ వ్యాధి ముందుగనే హెచ్చరించును, వినువారే కొరవడుదురు.

బ్రిటనులో ఉబ్బసముచే సంభవించిన 195 మరణములను రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అను వైద్యసంస్థ పరిశీలించి, 2014లో నివేదికను ప్రకటించినది. తక్షణ ఉపశమనమునకై పీల్చు మందు లెక్క దొరకిన 165 మందిలో 65 మంది, మరణమునకు ముందటి ఏడాదిలో 12కు మించిన ఇన్హేలర్లను పొందియుండిరి. ఆరుగురు 50కి మించి పొందిరి. ఈ మందు బిగిసిన శ్వాసనాళములను కొంతసేపు సడలించునే గాని, లోపలి వాపును మాన్పదు. వాపును తగ్గించునది వైద్యుడు చెప్పినట్లు క్రమముగా పీల్చవలసిన స్టెరాయిడు మందు. మొదటిది అధికముగను, రెండవది స్వల్పముగను ఖర్చగుచున్నచో వ్యాధి అదుపు తప్పినదని గ్రహింపవలెను.

ఈ అంకెలు వైద్యుని రికార్డులలోనే యుండును. కాని నెలనెలా చేరు వానిని కూడి చూచు తీరిక ఎవరికి గలదు? అందుచే ఆ పనిని కంప్యూటరునకు అప్పగించి, హద్దు మీరినంతనే అది వైద్యుని హెచ్చరించునట్లు ఏర్పాటు చేయవలెనని ఆ నివేదిక కోరినది. ఏడాదిలో 12కు మించి పొందిన రోగిని వెంటనే పిలిచి పరీక్షింపవలెననియు సూచించినది. ఈ పద్ధతిని మేము హృదయపూర్వకముగా సమర్థించుచున్నాము. అయితే హెచ్చరికయే వైద్యము కాదు. తెరపై మాటిమాటికి మెరయు హెచ్చరికలను చదువకయే తొలగించుట మానవ స్వభావము. రోగిని పిలిచి, మందు పీల్చు విధమును సరిచూచి, చికిత్సను మార్చు మనుష్యుడు లేనిదే యంత్రము నిష్ప్రయోజనము.

మన దేశములో మరియొక చిక్కు కలదు. పాత చీటీ చూపి దుకాణములో కొనిన ఇన్హేలరు ఏ వైద్యుని పుస్తకమునకును ఎక్కదు. 2021లో దేశమంతట ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఆరోగ్య వివరములను ఒకచోట చేర్చుటకు దారి చూపినదే గాని, నమోదు కాని కొనుగోలును అదియు లెక్కింపజాలదు. కావున లెక్క ఇంటనే మొదలు కావలెను. డబ్బా తెరచిన తేదీని దానిపై వ్రాయుట ఎంతటి శ్రమ? 200 మోతాదుల డబ్బాలు ఏడాదికి మూడు ఖర్చయినను వ్యాధి విజృంభించు ప్రమాదము హెచ్చునని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకములు చెప్పుచున్నవి. అట్లని ఆయాస సమయమున ఆ మందును మానరాదు. దానితో ఊపిరి తేలికపడనిచో క్షణము ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.

మనవంటి కుటుంబములకు భాషయు ఒక అడ్డంకియే. కన్నడమున, తమిళమున, ఒడియాలో, మరాఠీలో బజారు వ్యవహారమును చక్కగా నడుపు పెద్దలును, రాత్రి గుండె పట్టేసినట్లున్న బాధను తెలుగుననే చెప్పగలరు. వైద్యుడు అడుగవలసినవి నాలుగే ప్రశ్నలు. గడచిన నాలుగు వారములలో పగటి ఆయాసము వారమునకు రెండుసార్లకు మించి వచ్చినదా? రాత్రి నిద్ర చెడినదా? ఉపశమనపు మందు వారమునకు రెండుసార్లకు మించి కావలసివచ్చినదా? పనిపాటలకు ఆటంకము కలిగినదా? వీనిలో ఒక్కదానికి ఔనన్నను వైద్యుని చూడవలెను.

ఈ నాలుగు ప్రశ్నలను తెలుగునను, రాష్ట్రభాషయందును ప్రక్కప్రక్కన అచ్చొత్తించి ఇంటింటికి అందజేయుట మన సంఘ శాఖలకు భారము కాదు. పెద్దలు దీనిని వెంటనే చేపట్టుదురని ఆశించుచున్నాము.