కొంచెం మంచే గదా!

మన గోనెగండ్ల వైపు మంచు అంటే ధనుర్మాసం తెల్లవారుజామున జొన్నచేలమీద పరచుకొనే తెల్లని తెర. పొద్దెక్కితే అది కనబడదు. చలివేస్తే ఒక దుప్పటి, కాసిని చితుకుల మంట, అంతటితో సరి. అందుకే హిమాలయాల్లో మంచుచరియ విరిగిపడిందని చదివినా, అది మన గొడవ కాదనుకొని పేపరు మడిచి పెట్టేస్తాం.

కాని అది మన గొడవే. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, 19,600 అడుగుల ఎత్తున, మద్రాసు రెజిమెంటు జవాన్లు పదిమంది మంచుకింద పూడిపోయారు. వారిలో ముస్తాక్ అహ్మద్‌ది అప్పటి మన కర్నూలు జిల్లాలోని పార్నపల్లె. ఆరు రోజులకు ప్రాణంతో బయటపడిన ధార్వాడ జిల్లా హనుమంతప్ప కూడా 11వ తేదీన ఢిల్లీలో కన్నుమూశాడు.

"నడిచలికాలం గదా, మంచు బాగా పేరుకొని ఉంటుంది" అంటారేమో. 2019లో అదే సియాచిన్‌లో నలుగురు జవాన్లను, ఇద్దరు కూలీలను చరియ బలిగొన్నది నవంబరు 18న. అప్పటికి కార్తికమాసమైనా వెళ్ళలేదు!

తొలిమంచుకు ఒక చెడ్డ గుణం ఉంది. అది కొండవాలుమీద పలుచగా పడుతుంది. కింద నేలలో ఇంకా కాస్త వేడి ఉంటుంది. పైన మబ్బులేని రాత్రుల చలి. ఆ రెండింటి నడుమ మంచులోని ఆవిరి పైకి లేచి మళ్ళీ గడ్డకడుతూ, మెత్తని మంచును పంచదార పలుకులవంటి రవ్వగా మార్చేస్తుంది. ఆ రవ్వ ఒకదానికొకటి అంటుకోదు. తరువాత మధ్యధరా సముద్రం వైపునుంచి వచ్చే తుపానులు దానిమీద మందంగా మంచు కురిపిస్తాయి. గాలి దాన్ని పలకలా బిగిస్తుంది. జొన్నలరాశి వాలుమీద బండ పెట్టినట్లే! ఒక్క మనిషి అడుగు చాలు, పలక జారడానికి.

ముప్ఫైనుంచి నలభై అయిదు డిగ్రీల వాలు మరీ ప్రమాదం. అంతకన్న తక్కువైతే మంచు సులభంగా జారదు. ఎక్కువైతే నిలవక ఎప్పటికప్పుడు రాలిపోతుంది. కాలికింద 'గుమ్'మన్నా, మంచు బీటలువారినా వెంటనే వెనక్కు మళ్ళాలి. పూడినవాణ్ణి పావుగంటలోపల తీస్తే చాలావరకు బ్రతుకుతాడు. అరగంట దాటితే ఆశ సన్నగిల్లుతుంది. దూరాన్నుంచి సాయం వచ్చేదాకా ఆగితే లాభం లేదు, పక్కవాడే ప్రాణదాత.

ఇప్పుడు మన పిల్లలు సెలవులకు మనాలీ, కాశ్మీరం వెళ్తున్నారు. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ చలికాలంలో చరియల హెచ్చరికలు ప్రకటిస్తుంది. అవి చూసుకోవాలి, స్థానికుల మాట వినాలి. కొత్తమంచు పడిన ఒకటి రెండు రోజులు వాలు ఎక్కరాదు. "కొంచెమే పడిందట నాన్నా, భయం లేదు" అని అబ్బాయి ఫోను చేస్తే, "ఆ కొంచెం ఎప్పుడు పడిందిరా, దానిమీద మళ్ళీ ఎంత పడింది?" అని అడగండి.