మందగమనం

"ఆలస్యం అమృతం విషం" అని ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు నూరిపోసిన పంతులును నేను. "నిదానమే ప్రధానం" అన్నదీ చెప్పకపోలేదు. అయితే దానిని వ్యాసరచనకిచ్చి, గంట కొట్టేలోగా ముగించాలని తొందరపెట్టాను!

ఈమధ్య ఒక ఆక్టోపస్ తల్లిని గురించి చదివాను. కాలిఫోర్నియా తీరాన మాంటెరే సముద్రలోయలో, సుమారు 1,400 మీటర్ల లోతున, 2007 మే నెలలో అది గుడ్లను పొదుగుతూ శాస్త్రజ్ఞుల కంటబడింది. బ్రూస్ రాబిసన్ బృందం మళ్ళీ మళ్ళీ యంత్రాన్ని దింపి చూసింది. ప్రతిసారీ అదే రాయి, అదే తల్లి. 2011 సెప్టెంబరులోనూ అక్కడే ఉన్నది. అక్టోబరులో చూస్తే ఖాళీ గుడ్ల తొడుగులే మిగిలాయి. మొత్తం 53 నెలలు! అన్నాళ్ళలో అది ఆహారం తీసుకోగా వారు ఒక్కసారీ చూడలేదు.

దీనిని తపస్సని పొగడాలనిపిస్తుంది గాని, అది సరికాదు. అక్కడి నీటి చల్లదనం 3 డిగ్రీలు. ఆ చలిలో తల్లి దేహమూ, పిండమూ కూడా మెల్లగానే నడుస్తాయి. కాని ఆ జాతి పిల్లలు గుడ్డు వెడలేనాటికే తమంత తాము వేటాడగలిగినంత ఎదిగి ఉంటాయట. ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను.

నా తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. ప్రశ్న వేస్తే చాలాసేపటికి గాని పెదవి కదిపేవాడు కాడు. నేను పక్కవాణ్ణి లేపేవాణ్ణి. ఒకనాడు అందరి ముందూ "మందమతి" అన్నాను. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక, గుమ్మం దగ్గర నిలబడి, ఉదయం నేనడిగిన సంధికి సూత్రంతో సహా సమాధానం చెప్పబోయాడు. నాకు బస్సు వేళయింది. "రేపు చెప్పరా" అన్నాను. మర్నాడు నేనడగలేదు. అతడు చెప్పలేదు.

'మంద' శబ్దానికి నెమ్మది అనీ, తెలివితక్కువ అనీ రెండర్థాలూ ఉన్నాయి. తరగతిలో ఆ రెంటినీ ఒకటి చేసింది నిఘంటువు కాదు, నేను.

మబ్బు పట్టినప్పుడు కల్లంలో ధాన్యం దగ్గర తొందర ఉండవలసిందే. రోగిని ఆసుపత్రికి చేర్చేటప్పుడూ ఉండవలసిందే. ఆలోచిస్తున్న పసివాడి మీద ఆ తొందర పెట్టడం అన్యాయమని నా అభిప్రాయం. ఇప్పుడు పాఠాలు చెబుతున్న మిత్రులకు నా విన్నపమొక్కటే: ప్రశ్న వేశాక, పక్కవాణ్ణి లేపే ముందు, మనసులో పది లెక్కపెట్టండి.

మా మనుమడు లెక్క ముందు పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు. నేనిప్పుడు "ఊఁ" అనను.